వీలునామా, గిఫ్ట్, నామినీ: ఏది ఎక్కడ పనికొస్తుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్, దాని చుట్టుపక్కల నుంచే వచ్చాయి. ప్రశ్నలు వేరువేరు గానీ చిక్కు మాత్రం ఒక్కచోటే ఉంది. బ్యాంకులో నామినీ పేరు, జీహెచ్‌ఎంసీ పన్ను రసీదు మీద పేరు, కరెంటు బిల్లు మీద పేరు చూసి ఆస్తి ఫలానావారిదేనని ఇంటిల్లిపాదీ నమ్ముతున్నారు. ఆ పేర్లేవీ హక్కు ఇవ్వవు. ఇల్లూ భూమీ లాంటివి ఇంట్లోవాళ్ల పేరు మీదికి మారాలంటే, యజమాని బతికుండగా రిజిస్టరైన దస్తావేజు కావాలి. ఆయన పోయాక వీలునామా, అదీ లేకపోతే వారసత్వ చట్టం. కింది జవాబులకు ఇదే ఆధారం. ముస్లింల నోటిమాట హిబా (దానం) ఒక్కటే దీనికి మినహాయింపు.

వనస్థలిపురంలో 200 గజాల్లో నా జీతం డబ్బుతో కట్టుకున్న ఇల్లుంది. నా తర్వాత నా భార్యకు, ఆమె తర్వాత కొడుక్కీ కూతురికీ సమానంగా చెందాలి. వీలునామా స్టాంపు పేపరు మీద రాయాలా? రిజిస్ట్రేషన్ తప్పనిసరా?
– విశ్రాంత ఉద్యోగి, వనస్థలిపురం

స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. స్టాంపు డ్యూటీ కూడా లేదు. తెలుగులోనే రాసుకోండి. చట్టం పట్టుబట్టేది సంతకాల దగ్గరే. మీరు సంతకం చేయాలి. అది చూసిన ఇద్దరు సాక్షులు, లేదా ‘ఇది నా సంతకమే’ అని మీ నోట విన్న ఇద్దరు సాక్షులు, మీ ఎదుటే సంతకాలు పెట్టాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను అడిగేది ఇదే. సాక్షులు మీ ఎదుట కాకుండా తర్వాత తమ ఇంట్లో కూర్చుని సంతకం పెట్టిన వీలునామాలు కోర్టులో నిలబడవు.

మీ విషయంలో అసలు ఆలోచించాల్సింది ‘భార్యకు, ఆమె తర్వాత పిల్లలకు’ అన్న మాట గురించి. భార్యకు సర్వహక్కులతో ఇస్తున్నానని ఒక వాక్యం రాసి, ఆమె తర్వాత పిల్లలకు చెందాలని ఇంకో వాక్యం రాస్తే ఆ రెండో వాక్యం సాధారణంగా చెల్లదు. పూర్తి హక్కు వచ్చాక ఆ ఇంటిని ఎవరికివ్వాలో ఆమె ఇష్టం. పిల్లలకు తప్పక చేరాలంటే భార్యకు ‘జీవితకాల హక్కు మాత్రమే’ అని స్పష్టంగా రాయాలి. అప్పుడామె అందులో ఉండొచ్చు, అద్దె తీసుకోవచ్చు, అమ్మలేరు. ఏది మేలు? ఆమెకు ఫ్యామిలీ పింఛను, సొంత డిపాజిట్లు ఉంటే జీవితకాల హక్కు సరిపోతుంది. ఆ ఇల్లు తప్ప మరో ఆధారం లేకపోతే పూర్తి హక్కే ఇవ్వమంటాం. పెద్ద జబ్బు చేసినప్పుడు ఇల్లు అమ్ముకుని వైద్యం చేయించుకునే స్వేచ్ఛ ఆమెకు ఉండాలి. అప్పుడు పిల్లల సంగతి ఆమె తన వీలునామాలో రాసుకుంటారు. అందుకే దంపతులిద్దరూ కలిసి ఒకే వీలునామా రాయొద్దు. ఒకరు పోయాక రెండోవారు దాన్ని మార్చగలరా లేదా అన్న వివాదం వస్తుంది. ఎవరిది వారు రాసుకోవాలి.

ఇంటి వివరం రాసేటప్పుడు ఇంటి నంబరు ఒక్కటే రాసి వదిలేయకండి. మన నగరంలో ఇంటి నంబర్లు మారుతుంటాయి. కొన్న దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరైందో రాయండి. దానితోపాటు సర్వే నంబరు, ప్లాటు నంబరు, గజాలు, నాలుగు హద్దులు, ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్య ఉండాలి. చివర ‘ఇందులో రాయనివి, ఇకముందు నాకు సంక్రమించేవి’ ఎవరికో ఒక వాక్యం చేర్చండి. అది లేకపోతే మీరు మరచిన డిపాజిట్టుకో, తర్వాత కొన్న ప్లాటుకో వీలునామా లేనట్టే లెక్క. కొడుకు గానీ కూతురు గానీ మీకన్నా ముందే పోతే ఆ వాటా ఎవరికన్నదీ రాయండి. పాత వీలునామాలన్నీ రద్దు చేస్తున్నట్టు మొదట్లోనే చెప్పండి. వీలునామాను అమలు చేసే వ్యక్తిని పేరు పెట్టి నియమించండి. ప్రతి పేజీ మీదా సంతకం చేయండి. తర్వాత మార్పులేమైనా కావాలంటే కొట్టివేతలు పెట్టకుండా కొత్తది రాయడమే క్షేమం.

ఇక సాక్షులు. మీ తదనంతరం కోర్టులో వివాదం వస్తే కనీసం ఒక సాక్షి వచ్చి చెబితే గానీ వీలునామా రుజువు కాదు. దస్తావేజు రాసేవారి దగ్గర కూర్చున్న గుమస్తాలతో సాక్షి సంతకాలు పెట్టించుకుంటే ఇరవయ్యేళ్ల తర్వాత వాళ్లెక్కడున్నారో ఎవరికీ తెలియదు. మీకన్నా చిన్నవారిని, మిమ్మల్ని ఎరిగినవారిని, చిరునామా స్థిరంగా ఉన్నవారిని ఎంచుకోండి. ఆస్తి పొందేవారు, వారి భార్యాభర్తలు సాక్షులుగా ఉండకూడదు. హిందువుల విషయంలో అంతమాత్రాన వీలునామా చెల్లకుండా పోదు గానీ అనుమానానికి తావిస్తుంది. డెబ్బై దాటితే, మీ మానసిక స్థితి బాగుందని అదే తేదీన డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం జతచేయండి. పిల్లల్లో ఎవరికైనా తక్కువ ఇస్తుంటే కారణం ఒక్క వాక్యంలో రాయండి. కారణం చెప్పకుండా ఒకరిని వదిలేసిన వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి.

రిజిస్ట్రేషన్ చట్టప్రకారం ఐచ్ఛికం, మేం మాత్రం చేయించమనే చెబుతాం. వీలునామాలు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో విడిగా ఉండే మూడో పుస్తకంలో నమోదవుతాయి. మీరు బతికుండగా నకలు మీకు, మీరు అధికారమిచ్చిన వ్యక్తికి తప్ప ఎవరికీ ఇవ్వరు. ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కూడా కనిపించదు కాబట్టి పిల్లలకు తెలిసిపోతుందన్న భయం అక్కర్లేదు. మంచం పట్టినవారి కోసం సబ్‌రిజిస్ట్రార్ ఇంటికి వచ్చి నమోదు చేసే ఏర్పాటు చట్టంలోనే ఉంది. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సీలు వేసిన కవరులో దాచుకోవచ్చు కూడా. ఒక్క హెచ్చరిక: రిజిస్టరైన వీలునామా తర్వాత మీరు సక్రమంగా ఇంకొకటి రాస్తే, అది రిజిస్టరు కాకపోయినా అదే చెల్లుతుంది. హైదరాబాదులో హిందువుల వీలునామాకు ప్రొబేటు, అంటే కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి కాదు.

మా వారు వీలునామా రాయకుండా పోయారు. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు, షేర్లకు నేనే నామినీని. మా అత్తగారు తనకూ వాటా ఉందంటున్నారు. నిజమేనా?
– ఇద్దరు పిల్లల తల్లి, కూకట్‌పల్లి

నిజమే. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఉంటుంది. తండ్రి ఆ తరగతిలో లేడు. మీ ఇంట్లో మీకు, ఇద్దరు పిల్లలకు, అత్తగారికి తలా నాలుగో వంతు. బ్యాంకు డబ్బును నామినీకి ఇచ్చేసి తన బాధ్యత తీర్చుకుంటుంది. ఆ డబ్బు వారసుల తరఫున మీ చేతిలో ఉన్నట్టే. షేర్ల విషయంలోనూ ఇంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది. జీవిత బీమాకు కాస్త తేడా ఉంది. 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే వారిని లబ్ధిదారులుగానే చట్టం పేర్కొంది. అయినా దీని మీద హైకోర్టుల తీర్పులు ఒకే దారిలో లేవు. పెద్ద మొత్తమైతే వకీలును అడిగాకే ఖర్చు చేయండి.

పిల్లలు మైనర్లయితే వారి వాటా వారి పేరునే డిపాజిట్ చేయండి. ఇంట్లో వాళ్లకు వచ్చిన వాటాను కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మకూడదు. అమ్మితే వాళ్లు పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోగలరు. కొనేవాళ్లు వెనకాడేది ఇందుకే.

నామినీ లేని ఖాతాలున్నవారికి ఒక మాట. రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వివాదం లేకపోతే వాణిజ్య బ్యాంకులు 15 లక్షల రూపాయల వరకు వారసత్వ ధ్రువపత్రం అడగకుండా, ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టమొస్తే భరిస్తామన్న హామీ పత్రం) వంటి కాగితాలతోనే ఇవ్వాలి. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి. అంతకు మించితే సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాల్సి రావచ్చు. అది డిపాజిట్లకు, షేర్లకు, రావాల్సిన బాకీలకు పనికొస్తుంది. ఇంటికీ స్థలానికీ పనికిరాదు. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వేరే. అది ఇంట్లో ఎవరెవరున్నారో చెబుతుంది, వాటాలు తేల్చదు.

2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురు నామినీల వరకు పెట్టి ఎవరికెంత శాతమో రాసే వీలొచ్చింది. వారసులనే నామినీలుగా అదే నిష్పత్తిలో పెడితే మీకొచ్చిన చిక్కు ఇంకొకరికి రాదు.

నాకు 72 ఏళ్లు. మా వారు పోయాక మల్కాజిగిరి ఇల్లు నా పేరున ఉంది. కొడుకు ఇప్పుడే గిఫ్ట్ చేయమంటున్నాడు. ‘వీలునామా అయితే తర్వాత గొడవలొస్తాయి’ అంటున్నాడు. చేయొచ్చా?
– ఓ అమ్మమ్మ, మల్కాజిగిరి

ముందుగా ఒక్కటి సరిచూసుకోండి. ఇల్లు మొదట మీవారి పేరున ఉండి, ఆయన పోయాక పన్ను రికార్డులో మీ పేరు ఎక్కించి ఉంటే అది పూర్తిగా మీది కాదు. పిల్లలందరికీ అందులో వాటా ఉంది, మీరు గిఫ్ట్ చేయగలిగేది మీ వాటానే. దస్తావేజే మీ పేరున ఉంటే కింది మాటలు వర్తిస్తాయి.

గిఫ్టుకు మన దగ్గర వాడుకలో ఉన్న పేరు సెటిల్‌మెంట్ దస్తావేజు. రిజిస్టరై, కొడుకు అంగీకరించిన క్షణం నుంచి ఇల్లు అతనిదే. మనసు మారినా వెనక్కి తీసుకోలేరు. కోర్టుకు వెళ్లి మోసమో, ఒత్తిడో జరిగిందని నిరూపించాలి. మర్నాడే అతను తాకట్టు పెట్టి అప్పు తేవచ్చు. కొడుకు మంచివాడే కావచ్చు, కానీ అతని వ్యాపారం దెబ్బతింటే అప్పులవాళ్లు మీ ఇంటి మీదికే వస్తారు. అతను మీకన్నా ముందు పోతే కోడలికీ మనవలకూ పోగా, తల్లిగా ఒక వాటా మాత్రమే మీకు మిగులుతుంది. ఆ ఇల్లు తప్ప మీకు వేరే నీడ లేకపోతే గిఫ్ట్ చేయొద్దనే మా సలహా. రిజిస్టరు చేసిన వీలునామా రాయండి. గొడవల భయమున్నా అది మీరు బతికున్నంతకాలం మీ చేతిలోనే ఉంటుంది, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

అయినా చేయాలనే నిర్ణయించుకుంటే ఈ మూడు మాటలూ దస్తావేజులో ఉండేలా చూడండి: ‘దాత జీవించి ఉన్నంతకాలం ఈ ఇంట్లో నివసించే హక్కు, అద్దె తీసుకునే హక్కు దాతకే ఉంటాయి. దాత తిండి, బట్ట, వైద్యం, ఇతర అవసరాలు గ్రహీత చూసుకోవాలి. చూసుకోని పక్షంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను కింద ఈ దస్తావేజు రద్దు కోరే హక్కు దాతకు ఉంటుంది.’ జీవితకాల హక్కు ఉంచుకుని చేసిన గిఫ్ట్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఇక 23వ సెక్షను వర్తించాలంటే దస్తావేజులో పోషణ షరతు ఉండాలని 2022లో ఒక తీర్పు, చట్టాన్ని వృద్ధులకు మేలు చేసేలా ఉదారంగా చదవాలని 2025 జనవరిలో మరో తీర్పు వచ్చాయి. షరతు రాసి ఉంటే ఈ వాదనే రాదు. అర్జీ ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు మీరే పెట్టుకోవచ్చు. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే అప్పీలు కలెక్టరు దగ్గర.

‘ఈ షరతులు ఎందుకమ్మా, నమ్మకం లేదా’ అని కొడుకు అడగొచ్చు. ఇవి రాయించుకోవడం అతన్ని అవమానించడం కాదు. రేపు అతని పరిస్థితులు ఎలా మారినా మీ తలదాచుకునే చోటు పోకుండా ఉండటానికే ఇవి.

ఖర్చు విషయానికొస్తే, తెలంగాణలో క్రయ దస్తావేజుకు 2021 జులైలో మొత్తం సుంకాలు 7.5 శాతానికి పెరిగాయి. కుటుంబ సభ్యుల మధ్య సెటిల్‌మెంటుకు అంతకన్నా చాలా తక్కువ. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సుంకం లెక్కించే సాధనం ఉంది, మార్కెట్ విలువ వేసి చూసుకోండి. కొడుక్కి గిఫ్ట్ మీద ఆదాయపు పన్ను లేదు. కానీ అతను అమ్మిన రోజున మీరు కొన్న ధర, మీరు కొన్న తేదీ ప్రకారమే లాభం లెక్కగడతారు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అందుకే మీ పాత దస్తావేజు, కట్టుబడి రసీదులు అతనికి అందజేయండి.

నాకు 1983లో పెళ్లయింది. 2019లో నాన్న పోయారు. నల్లకుంటలో నాన్న ఉద్యోగం చేసి కొన్న ఇల్లు, సూర్యాపేట వైపు తాతల నాటి 8 ఎకరాలు ఉన్నాయి. అమ్మ, అన్నయ్య, చెల్లెలు, నేను ఉన్నాం. పెళ్లప్పుడు ‘నాకు వాటా అక్కర్లేదు’ అని తెల్ల కాగితం మీద సంతకం తీసుకున్నారు. అది చెల్లుతుందా?
– ఓ ఆడపడుచు, బోడుప్పల్

నల్లకుంట ఇల్లు నాన్నగారి స్వార్జితం. ఆయన బతికుండగా అందులో మీకు హక్కే లేదు, ఎప్పుడో వస్తుందన్న ఆశే ఉంది. లేని హక్కును వదులుకుంటున్నానని రాసిస్తే చట్టప్రకారం అది చెల్లదు. వీలునామా లేకపోతే అమ్మకు, మీ ముగ్గురికీ తలా పావు వంతు. ఒక్క మినహాయింపు ఉంది: ఆ మాట చెప్పి మీరు డబ్బో భూమో పుచ్చుకుని ఉంటే ఇప్పుడు కాదనకుండా అన్నయ్య అడ్డుకోగలరు. మామూలు కట్నం, పసుపు కుంకుమ దానికి సాటిరావు. వాటాకు బదులుగానే ఇచ్చామని వాళ్లు రుజువు చేయాలి.

పొలం లెక్క వేరు. ‘1985కు ముందు పెళ్లయితే ఆడపిల్లకు పిత్రార్జితంలో వాటా లేదు’ అని ఊళ్లలో ఇప్పటికీ చెబుతారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే హక్కిచ్చింది, ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. కేంద్రం 2005లో చేసిన సవరణ పెళ్లితో సంబంధం లేకుండా కూతుళ్లందరినీ కొడుకులతో సమానం చేసింది. అది పుట్టుకతో వచ్చే హక్కని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల దస్తావేజో, కోర్టు డిక్రీయో ఉంటే మాత్రం దాన్ని కదిలించలేరు.

ఇప్పుడు వాటాలు. పొలం ఉమ్మడి ఆస్తే అయితే, నాన్నగారు పోయిన రోజున ఆయన, అన్నయ్య, మీరిద్దరూ కలిపి నాలుగు భాగాలు. దక్షిణాది ధర్మశాస్త్ర సంప్రదాయంలో పంపకంలో భార్యకు వాటా వేయరు. నాన్నగారి పావు వంతు, అంటే 2 ఎకరాలు, మళ్లీ అమ్మకూ మీ ముగ్గురికీ తలా 20 గుంటలుగా వస్తుంది. మొత్తం మీద అమ్మకు 20 గుంటలు, మీ ముగ్గురికీ తలా 2 ఎకరాల 20 గుంటలు. అదే పొలం తాతగారి సొంత సంపాదన అయి, ఆయన 1956 జూన్ 17 తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, నాన్నకు వచ్చిన భాగం నాన్న సొంత ఆస్తే. అప్పుడు అమ్మతో సహా నలుగురికీ తలా 2 ఎకరాలు. తాత ఎప్పుడు పోయారు, భూమి ఆయనకెలా వచ్చింది అన్న రెండు ప్రశ్నల మీదే ఇంత తేడా వస్తోంది. 1954–55 ఖాస్రా పహాణీ (అప్పటి భూమి రికార్డు) నకలు తీసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

అన్నయ్య ఒక్కరి పేరున పట్టా మారకముందే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం కింద వారసత్వ మార్పులకు నోటీసు, విచారణ ఉంటాయి. రాజీ కుదిరితే పంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి. డబ్బు తీసుకుని వాటా వదులుకోదలిస్తే హక్కు విడుదల దస్తావేజు రాయాలి, అదీ రిజిస్టరు కావాలి. వంద రూపాయల స్టాంపు మీద నోటరీ చేసిన ‘ఎన్‌ఓసీ’ మీకూ అక్కరకు రాదు, అన్నయ్యకూ రాదు.

నాకు 34 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నల్లగండ్లలో ఫ్లాటు నా ఒక్కదాని పేరున ఉంది. పిల్లల్లేరు. అమ్మానాన్నలు నా మీదే ఆధారపడ్డారు. నేనూ వీలునామా రాయాలా?
– పాఠకురాలు, నల్లగండ్ల

తప్పకుండా, ఈ నెలలోనే రాయండి. పెళ్లయిన హిందూ స్త్రీ పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా పోతే ఆమె స్వార్జితం భర్తకు వెళ్తుంది. భర్త కూడా లేకపోతే భర్త వారసులకు. ఆమె సొంత తల్లిదండ్రులు ఆ తర్వాతే. అంటే దంపతులిద్దరికీ ఏదైనా జరిగితే మీరు ఈఎంఐ కట్టిన ఫ్లాటు అత్తమామలకో, వాళ్లు లేకపోతే ఆడపడుచులకో చేరుతుంది, మీ అమ్మకు రూపాయి రాదు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఒక్కటే, పిల్లలు లేకపోతే, పుట్టింటివైపు తిరిగి వెళ్తుంది. జీతంతో కొన్నదానికి ఆ రక్షణ లేదు. 1956లో రాసిన ఈ వరస అన్యాయమైనదని మా అభిప్రాయం. కానీ అది మారేదాకా ఆగాల్సిన పని లేదు, రెండు పేజీల వీలునామాతో మీ మటుకు మీరు మార్చుకోవచ్చు. భర్తకెంత, అమ్మానాన్నలకెంత అన్నది మీ ఇష్టం. గృహరుణం ఉంటే దానికి సరిపడా టర్మ్ బీమా కూడా ఉండాలి, లేకపోతే అప్పుతో సహా ఫ్లాటు వాళ్ల చేతికొస్తుంది. పీఎఫ్ నామినేషన్ పెళ్లికి ముందు వేసినదైతే అది పెళ్లితో రద్దయి ఉంటుంది, కొత్తది వేయండి.

ఇద్దరు పిల్లలూ అమెరికాలోనే. కొండాపూర్ ఫ్లాటుకు అన్నగారి కొడుకు పేరున జీపీఏ (మా తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇచ్చాం. మా తర్వాత అదే సరిపోతుందా?
– వృద్ధ దంపతులు, కొండాపూర్

సరిపోదు. జీపీఏ ఇచ్చిన మనిషి పోగానే ఆ అధికారం కూడా పోతుంది. దాంతో తర్వాత చేసిన అమ్మకం చెల్లదు. మీరిద్దరూ వేరువేరుగా వీలునామా రాసి, అమలు చేసే వ్యక్తిగా ఇక్కడుండే అన్నగారి కొడుకును పెట్టండి. పిల్లలు తర్వాత అమ్మదలిస్తే తమ తరఫున కొత్త జీపీఏ అక్కడి నుంచి పంపాలి. దాన్ని భారత కాన్సులేట్‌లో గానీ, అక్కడి నోటరీ ముందు చేసి అపోస్టిల్ (విదేశంలో చెల్లేందుకు అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించి గానీ పంపుతారు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటితే జరిమానాల బాధ. ప్రవాసులు అమ్మినప్పుడు కొనుగోలుదారు పన్ను కోసి కట్టాలి, ఆ రేటు ఎక్కువ. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం ముందే తెచ్చుకోవచ్చు. వచ్చిన డబ్బు ఎన్ఆర్వో ఖాతా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం తెరిచే రూపాయి ఖాతా) నుంచి ఒక్కొక్కరు ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు. ఊళ్లో పొలం ఉన్నా దిగులు లేదు. ప్రవాసులు సాగుభూమి కొనకూడదు గానీ వారసత్వంగా పొందవచ్చు.

మా అబ్బాయికి 19 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. మా తర్వాత వాడి పేరున ఇల్లు రాస్తే చాలా? లేక అక్క పేరున రాసి చూసుకోమనాలా?
– ఓ తల్లి, ఈసీఐఎల్

రెండూ వద్దు. వాడి పేరున నేరుగా రాస్తే దస్తావేజు మీద సంతకం చేయగలిగేవాళ్లు ఉండరు, అద్దె ఒప్పందానికి కూడా చిక్కే. అక్క పేరున రాస్తే అది చట్టరీత్యా అక్క ఆస్తి. ఆమె ఎంత ప్రేమగల మనిషైనా, రేపు ఆమెకు ఏమైనా అయితే ఆమె భర్తకూ పిల్లలకూ వెళ్తుంది. తమ్ముణ్ని చూసుకోవాల్సిన బాధ్యత వాళ్ల మీద ఏ కాగితమూ పెట్టదు.

ప్రైవేటు ట్రస్టు మేలు. 1882 నాటి ట్రస్టుల చట్టం కింద వీలునామాలోనే ట్రస్టు ఏర్పాటు చేయొచ్చు, లేదా ఇప్పుడే రిజిస్టరు దస్తావేజుతో పెట్టొచ్చు. ఇప్పుడే పెట్టి కొద్ది మొత్తంతో నడిపి చూడటం మంచిది, లోపాలు మీరుండగానే తెలుస్తాయి. ట్రస్టీలు కనీసం ఇద్దరుండాలి, వాళ్లలో ఒకరు అబ్బాయి తరంవారై ఉండాలి. ఒకరు తప్పుకుంటే వారి స్థానంలో ఎవరు వస్తారో రాయాలి. నెలకెంత ఖర్చు చేయొచ్చు, వైద్యానికి ఎవరి సంతకం కావాలి, ఇల్లు ఏ పరిస్థితిలో అమ్మొచ్చు, అబ్బాయి తర్వాత మిగిలింది ఎవరికి అన్నవి దస్తావేజులో ఉండాలి. అలవాట్లు, మందులు, భయపడే విషయాలు, నమ్మే మనుషుల గురించి ఒక ఉత్తరం రాసి పక్కన పెట్టండి. దానికి చట్టబలం లేదు గానీ కొత్తగా చూసుకునేవాళ్లకు అంతకన్నా అవసరమైన కాగితం లేదు.

18 దాటగానే తల్లిదండ్రులు సహజ సంరక్షకులు కాకుండా పోతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు నేతృత్వంలోని స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. మీరు ఇప్పుడే దరఖాస్తు చేయండి. అదే చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ మీకు దగ్గరే, అక్కడ అడిగితే దారి చూపుతారు. మీలో ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగి అయితే అబ్బాయి పేరును వైకల్య ధ్రువపత్రంతో సహా ఇప్పుడే సర్వీసు రికార్డులో చేర్చండి. అలాంటి సంతానానికి ఫ్యామిలీ పింఛను జీవితాంతం రావాలంటే అది అవసరం.

ముస్లింలు ఆస్తి అంతా ఒక్క బిడ్డకే వీలునామా రాయొచ్చా?
– పాఠకుడు, టోలిచౌకి

రాయలేరు. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకే వీలునామా చెల్లుతుంది. సున్నీలలో వారసుడికి రాస్తే అదీ మిగతా వారసులు మీ తదనంతరం ఒప్పుకుంటేనే. బతికుండగా హిబా, అంటే దానం, ఇవ్వడానికి పరిమితి లేదు. ఇస్తున్నానని చెప్పడం, తీసుకునేవారు ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం మూడూ జరగాలి. నోటిమాట హిబా చెల్లుతుంది గానీ స్వాధీనం ఇచ్చిన ఆధారం లేక కోర్టుల్లో ఓడిపోయేవే ఎక్కువ. రిజిస్టరు చేయించి తాళాలు, పన్ను పేరు, అద్దె అన్నీ మార్చండి.

పాతబస్తీలో నోటరీ కాగితాల మీద కొన్న ఇంటిని వీలునామాలో రాయొచ్చా?
– చిరు వ్యాపారి, శాలిబండ

మీకున్న స్వాధీన హక్కును రాయొచ్చు, కానీ ఆ కాగితం యాజమాన్యాన్ని ఇవ్వలేదు. వీలునామా రాసినంత మాత్రాన పిల్లలకు అంతకు మించిన హక్కు రాదు. ఇల్లమ్మినవారు బతికుండగానే వారితో రిజిస్టరు దస్తావేజు రాయించుకోండి. వారు పోతే వాళ్ల వారసులందరి సంతకాలూ కావాలి, ఏడాది గడిచేకొద్దీ ఆ జాబితా పెరుగుతుంది. పన్ను, కరెంటు, నల్లా రసీదులు మొదటినుంచీ వరసగా దాచండి.

మా తర్వాత పిల్లలు తిరగకుండా ఇంట్లో ఒక ఫైలు సిద్ధం చేద్దామనుకుంటున్నాం. అందులో ఏముండాలి?
– దంపతులు, అల్వాల్

లింకు డాక్యుమెంట్లతో సహా దస్తావేజులు, ఈ ఏడాది తీసిన ఈసీ, పన్ను రసీదు, పాసుపుస్తకం పెట్టండి. ఒక కాగితం మీద ఖాతాలు, డీమ్యాట్, బీమా, పీఎఫ్, అప్పులు, చేబదుళ్లతో సహా రాసి ప్రతి ఉగాదికీ సరిచూడండి. పాస్‌వర్డులు వద్దు, ఎక్కడ ఏ ఖాతా ఉందో చాలు. పేర్ల అక్షరాలు ఆధార్, పాన్, దస్తావేజుల్లో ఒకేలా ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక ఉండి క్లెయిములు తిరిగొచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించి, ధ్రువపత్రం నకళ్లు కనీసం పది తీసుకోమని పిల్లలకు చెప్పండి. పెద్దల పాత ఖాతాలు పదేళ్లుగా కదలకపోతే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లి ఉంటుంది. రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతికి, ఆ బ్యాంకులోనే క్లెయిము పెట్టి తిరిగి తీసుకోవచ్చు.

వీలునామా అసలు ప్రతిని మాత్రం మీ ఒక్కరి పేరున ఉన్న బ్యాంకు లాకరులో పెట్టకండి. ఆ లాకరు తెరవాలంటే ముందు క్లెయిము కాగితాలన్నీ పూర్తి కావాలి. అమలు చేసే వ్యక్తి దగ్గర అసలు ప్రతి, ఫైలులో నకలు, నకలు మీద అసలు ఎక్కడుందో పెన్సిలుతో ఒక్క ముక్క.